మడిచి కుట్టిన రెండు ఇంచులు

ఇరవై రెండేండ్ల పిలగానికి తను చేసే ప్రతి పని దేశం కోసమే అనిపిస్తది. నా సంగతిలో అది నిజం కూడా. ఆ రోజుల్లో ఎవలన్న "ఏం చేస్తున్నవ్ బిడ్డా" అని అడిగితే, "దేశంలున్న పిల్లల ఎత్తు నేను చూసుకుంటున్న" అని చెప్పి, చాయ్ కప్పు కింద పెట్టి, వాళ్ల మొఖం ఎట్ల మారుతదో చూస్తుంటి. అబద్ధం కాదు. ఏ వయసు పిల్ల ఎంత ఎత్తుంటది, ఎంత బరువుంటది అని చూపే వంకర గీతల పటం ఇప్పుడు పిల్లల డాక్టరు ఎవలి దగ్గరికి పోయినా గోడ మీద ఉంటది. అవి మన పిల్లల్ని మనమే కొలుచుకొని గీసుకున్న గీతలు. అంతకు ముందు ఎక్కడో చలిదేశంలో వెన్న తిని పెరిగిన పిల్లల గీతలు తెచ్చి, వాటి కింద మన పిల్లల్ని నిలబెట్టి, "పొట్టి" అని తీర్పు చెప్తుండ్రి. ఆ అన్యాయం సరిచేయడానికి ఊరూరా మనుషుల్ని పెట్టి పిల్లల్ని కొలిపించిండ్రు. మా ఊర్లో కొలిచిన వాళ్లలో నేనొకణ్ణి. (ఇంట్లో చెప్పేటప్పుడు ఆ "వాళ్లలో" అనే మాట మింగేస్తుంటి.)

ఉద్యోగం ఆర్నెల్లకు మాత్రమే. పని బాగుంటే ఇంకో ఆర్నెల్లు పొడిగిస్తమని కాయితం ఇస్తరు. ఆ కాయితం నాకు చావు బతుకుల సమస్య. ఎందుకంటే మా బాపుకు చార్మినార్ దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఉండె, ఆ దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను ఉండె, ఆ మిషను ముందర ఒక ఖాళీ స్టూలు ఉండె. కొన్న ప్రతి చెంచా మీద, ప్రతి టిఫిన్ డబ్బా మీద పెండ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, తారీఖు కొట్టించుకునే కాలం అది. మిషను గుర్రుమంటే పన్నులో సూది పెట్టినట్టు ఉంటది. మా దబీర్‌పురా ఇంట్లో అన్నం ముందర కూసున్నప్పుడల్లా బాపు అదే మాట: "ఆర్నెల్ల ముచ్చట నాకు చెప్పకు. మళ్ల ఉంచుకుంటమని కాయితం తెచ్చి చూపెట్టు. లేకుంటే స్టూలు నీ కోసమే ఉన్నది."

మా పై అధికారి ఒక పెద్ద డాక్టరమ్మ. గుంటూరు దిక్కు మనిషి. ఆమెకు మేం పెట్టిన పేరు మిల్లీమీటర్ మేడమ్. ఇంట్లో పప్పులో ఉప్పు కూడా గీతల గ్లాసుతోనే వేస్తదని మా నమ్మకం. చెప్పులు తీయించాలె, జడ విప్పించాలె, మడమలు, పిరుదులు, వీపు, తల వెనక భాగం చెక్కకు ఆనాలె, చూపు నేరుగుండాలె, ఒకరు చదవాలె, ఒకరు రాయాలె, ప్రతి పిల్లను రెండుసార్లు కొలవాలె. "ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే దేశానికి అబద్ధం చెప్పినట్టేనయ్యా" అని ఆమె అన్నప్పుడు నాకు రోమాలు నిక్కపొడుచుకున్నయి. (ఆ రోమాల ఎత్తు కూడా ఆమె తీసేయమనేదేమో.) ఇక కొలిచే చెక్క సంగతి. మనిషి కన్న పొడుగు, నా కన్న బరువు, పైన జారే అడ్డపట్టీ. దాన్ని భుజాన పెట్టుకొని సిటీ బస్సు ఎక్కితే కండక్టరు నాకు ఒక టికెట్, చెక్కకు ఒక టికెట్ కొట్టిండు. సీటు మాత్రం ఇద్దరికీ దొరకలేదు.

నాకిచ్చిన జాగ లాడ్ బజార్ వెనక గల్లీ. గాజుల వ్యాపారులు, బట్టల వ్యాపారులు, ముత్యాల షాపులోళ్లు. తిండికి, మందుకు లోటు లేని ఇండ్ల పిల్లల్నే కొలవాలన్నది రూలు, అట్ల పెరిగిన పిల్లలే దేశానికి నమూనా అని. అరవై మందిని కొలవాలె. బరువు మిషనుతో ఏ లొల్లీ లేదు. స్టేషన్ల రూపాయి వేసి టికెట్ తీసుకునే మిషను తెలిసిన పిల్లలు లైన్ కట్టి ఎక్కిండ్రు, దిగమంటే దిగలేదు. చెక్క గోడకు నిలబెట్టంగనే గల్లీ మొత్తం నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఆ గల్లీకి పెద్దదిక్కు ఒక ముసలామె, గాజుల దుకాణం ఆసామి తల్లి. అందరికీ ఆమె నానీ. నోట్లో పాన్, చేతిలో మనవరాలి జుట్టు. ఆ మనవరాలికి ఏడేండ్లు, పేరు నాకు గుర్తున్నా చెప్పను, గల్లీలో దాన్ని మిర్చి అనేటోళ్లు. నానీ చెక్కను కింది నుంచి పైదాక చూసి, వద్దని తల ఊపి, "నక్కో బేటా" అన్నది.

"ఎందుకు నానీ, నొప్పి ఉండదు."

"చెక్కకు ఆనిచ్చి కొలిచేది ఎవర్నో తెల్వదా నీకు? ఆఖరి స్నానానికి పోయేటోళ్లను. బతికున్న పిల్లల్ని దర్జీ కొలుస్తడు, ఫీతాతోటి. నువ్వు కూడ ఫీతా తెచ్చుకో, నేనేం అనను."

ఆమె నక్కో అంటే గల్లీ అంతా నక్కో. వారం రోజులు తిరిగిన. మిఠాయి ఆశ చూపిన, పిల్లలు తిని పోయిండ్రు. హిందువుల ఇండ్లకు పోతే అక్కడ కూడా ఒక బామ్మ, "నానీ వద్దన్నదంట కద నాయినా" అన్నది. అరవై గళ్ల కాయితంలో బరువులన్నీ నిండినయి, ఎత్తుల గడి ఒక్కటి కూడా నిండలేదు. నాకు నిద్రలో గుర్రుమని మిషను వినిపిస్తుండె.

మెదడు మాత్రం ఆ వయసులో పాదరసం. (ఇప్పుడు కూడా అంతే, కొంచెం చల్లబడ్డది.) నానీ మాటలోనే దారి ఉన్నది కద. ఆ గల్లీ మూలన ఒక దర్జీ ఉండె, అందరు మాస్టర్ సాబ్ అనేటోళ్లు. తెల్ల గడ్డం, మెడలో పసుపు ఫీతా, చెవి మీద సుద్దముక్క. రంజాన్ ఇంక నెల ఉన్నది, పండుగ బట్టలకు గల్లీ పిల్లలంతా ఆయన దుకాణానికే వస్తరు, హిందువుల ఇండ్ల పిల్లలు కూడ పెండ్లి బట్టలకు అక్కడికే. ఆయన ముందర ప్రతి పిల్ల ఎవరూ చెప్పకుండనే సీదా నిలవడుతది. నేను పోయి చేతులు కట్టుకొని, "మాస్టర్ సాబ్, మీరు ఎట్లాగూ కొలుస్తరు. ఎత్తు కూడ, నెత్తి నుంచి మడమ దాక, ఒక్కసారి ఫీతా పట్టి చెప్తే దేశం మీ రుణం ఉంచుకోదు" అన్న.

"దేశానికి కూడ బట్టలు కుట్టాల్నా భయ్యా" అన్నడాయన. "కూసో. రాసుకో. నేను నెంబరు పిలుస్తుంటే తల ఎత్తొద్దు. తల ఎత్తితే లెక్క తప్పుతది."

దర్జీ దుకాణంలో పద్ధతి అదే. కొలిచేటోడు కొలుస్తనే పిలుస్తడు, రాసేటోడు రాస్తనే ఉంటడు, ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకోరు. మేడమ్ చెప్పింది కూడా అదే కద, ఒకరు చదవాలె, ఒకరు రాయాలె. నేను గోడ దిక్కు తిరిగి స్టూలు మీద కూసున్న. ఆయన ఎత్తు కొలిచి "లంబాయి నలభై ఎనిమిది" అంటడు, నేను క్యాలిక్యులేటర్ మీద ఇంచుల్ని సెంటీమీటర్లు చేసి గడిలో వేస్తా. ఆ నలభై ఎనిమిది మిర్చిదే. అది పోతూ పోతూ నా కాయితంలోకి తొంగి చూసి, "నేను మా బడే అబ్బా కూతురి కన్న పొడుగున్నన్నా?" అని అడిగింది. చూసిన. ఆ పెదనాయిన బిడ్డ కన్న అర ఇంచు ఎక్కువుంది. ఉన్నవన్న. అది ఆ అర ఇంచును పట్టుకొని గల్లీ అంతా ఉరికింది. నాలుగు రోజుల్లో అరవై గళ్లు నిండినయి. సహాయకుడి పేరు రాసే జాగలో మాస్టర్ సాబ్ పేరు అందంగ రాసి, హోదా దగ్గర "కొలతల నిపుణుడు" అని పెట్టిన.

వారం తిరగంగనే మేడమ్ పిలిచింది. బల్ల మీద అప్పటిదాక వచ్చిన కొలతలతో గీసిన గీతల పటం, ఒక్కో పిల్లకు ఒక్కో చుక్క. మిగతా వాడల చుక్కలన్నీ గీతల నడుమ చీమల్లెక్క పోతున్నయి. నా గల్లీ చుక్కలు మాత్రం పై గీత దాటి, పటం అంచు దాక పోయి, సందు దొరికితే సీలింగు పట్టేటట్టు ఉన్నయి.

"ఈ గల్లీలో ఏం తింటారయ్యా?" అన్నది మేడమ్.

నేను ఎదురుచూసిన ప్రశ్న కాదది, కానీ జవాబు లేని ప్రశ్న నా నోటికి ఎన్నడూ తగలలేదు. "పొద్దుగాల నిహారీ మేడమ్. పన్నెండు గంటలు ఉడికింది. దాంట్లో ఎముక రసమంతా..."

"శాకాహారుల పిల్లలు కూడా ఉన్నారుగా, వాళ్ళో?"

"వాళ్లు... వాసన చూస్తరు మేడమ్."

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఎత్తు ఇంత ఉంది. బరువు మాత్రం అందరి పిల్లల్లాగే ఉంది. అంటే అందరూ తాటిచెట్లలా ఉండాలి. రేపు నేను వస్తాను. పదిమందిని మళ్ళీ కొలుద్దాం. చెక్కతో."

ఆ రేపు ఎంత తొందరగ వచ్చిందంటే నడుమ రాత్రి రాలేదనే చెప్పాలె. మాస్టర్ సాబ్ దుకాణం ముందర చెక్క నిలబెట్టినం. డాక్టరమ్మ స్వయంగా వచ్చిందని నానీ మర్యాదకు కాదనలేకపోయింది, కానీ నోట్లో ఏదో చదువుకుంట మిర్చిని ముందుకు తోసింది. మిర్చి ఊపిరి బిగబట్టి, మెడ సాగదీసి, రాణి లెక్క నిలవడ్డది. అడ్డపట్టీ జారింది. జారింది. ఇంకా జారింది. నా కాయితంలో నూట ఇరవై రెండు ఉన్నది. మేడమ్ చదివింది: "నూట పదహారు పాయింట్ ఎనిమిది."

రెండో పిల్ల, ఐదు సెంటీమీటర్లు తక్కువ. మూడో పిలగాడు, ఐదు తక్కువ. నాలుగు, ఐదు, అందరు సమానంగ, ఎవలో కొడవలి పెట్టి కోసినట్టు. మేడమ్ నెమ్మదిగ అన్నది, "పది రోజుల్లో గల్లీ పిల్లలందరూ రెండేసి అంగుళాలు కురచయ్యారు. వింతే."

ఆ మాట నానీ చెవిలో పడ్డది. పాన్ ఉమ్మి వచ్చి చెక్క ముందర నిలవడ్డది. "నేను చెప్పలేదా? తిన్నది. పిల్లల లంబాయి తిన్నది ఈ చెక్క."

ఇగ లొల్లి చూడాలె. గల్లీలోకి రెండు వేల మంది వచ్చిండ్రు. (ముప్పై మంది ఉంటరు, కానీ నా చుట్టు నిలవడ్డోళ్లను నేను లెక్కబెట్టిన పద్ధతిలో రెండు వేలు.) ఒక తల్లి నా అంగీ పట్టుకొని, "మా పోరివి రెండు ఇంచులు తిరిగి ఇచ్చి ఇక్కడి నుంచి కదులు" అన్నది. కొలవని పిల్లల్ని లోపలికి గుంజి తలుపులేసిండ్రు. మిర్చి మాత్రం ఏడుస్తలేదు. అరచెయ్యి నెత్తి మీద పెట్టుకొని, ఆ చెయ్యి అట్లనే తీసి గోడ మీద ఆనిచ్చి, తను ఎక్కడి దాక ఉన్నదో మళ్ల మళ్ల చూసుకుంటున్నది. ఆ చూసుకునుడు నాకు ఏడుపు కన్న కష్టమనిపించింది.

నేను దుకాణంలోకి దూరిన. మాస్టర్ సాబ్ లొల్లితో సంబంధం లేకుండా బట్ట కత్తిరిస్తున్నడు. "మాస్టర్ సాబ్, మీరు చెప్పిన లంబాయిలో ఏమన్న కలిపిండ్రా?" అని గొంతు తగ్గించి అడిగిన.

కత్తెర ఆగింది. "కలపకుంటే ఎట్ల? పెరిగే పిల్లలు. ఏ లంబాయి అయినా రెండు ఇంచులు కలుపుకొనే నా నోట్లకెల్లి వస్తది. మా ఉస్తాద్ నేర్పిన మొదటి ముచ్చట. నలభై ఏండ్లలో నేను కుట్టిన పిల్ల బట్ట ఒక్కటి పొట్టి కాలేదు, అడుగు పోయి."

అంటే గల్లీ పిల్లల్ని నేను ఉన్నంత ఎత్తు రాయలేదు, వచ్చే పండుగకు ఉండబోయేంత ఎత్తు రాసిన. బయటికి వచ్చేసరికి మేడమ్ వంగి అడ్డపట్టీని కదిలించి చూస్తున్నది. "చెక్క తేమకు ఉబ్బిందేమోనయ్యా. లేక పట్టీ వదులైందా? చెక్కదే తప్పయితే అలా రాసి పైకి పంపుతాను, నీ పని మీద మచ్చ ఉండదు" అన్నది. దేవుడు తలుపు తీసి దారి చూపెట్టినట్టే. "అవును మేడమ్, వదులైంది" అంటే ఐపాయె. కాయితం నాది, స్టూలు ఇంకెవలిదో. నోరు కూడా తెరిచిన. అదే టైముకు మిర్చి మళ్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది. చెక్కదే తప్పని నేనంటే, నానీ మాట నిజమని డాక్టరమ్మే సంతకం చేసినట్టు. ఆ గల్లీలో ఇంక ఏ పిల్లా చెక్కకు ఆనదు, ఈ పిల్ల బతికినన్ని రోజులు చెక్క తన రెండు ఇంచులు తిన్నదనే అనుకుంటది.

"చెక్క మంచిదే మేడమ్" అన్న. "కొలిచింది నేను కాదు. దర్జీ." మొత్తం చెప్పిన. రెండు ఇంచుల ముచ్చట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మిర్చి అంత అయింది.

మేడమ్ కళ్లద్దాలు తీసింది. కోపం వస్తే అరిచే మనిషైతే బాగుండు. "ఈ చుక్కలు పటంలోకి పోతే ఏమవుతుందో తెలుసా? గీత పైకి జరుగుతుంది. నీలాంటోళ్ళు నలుగురుంటే, రేపు సరిగ్గా పెరుగుతున్న పిల్లని చూసుకుని కూడా ఓ తల్లి పొట్టిదనుకుని దిగులు పడుతుంది. నువ్వు కలిపిన రెండంగుళాలు ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్నవేనయ్యా."

నానీ అడ్డం వచ్చింది. "గదంతా మీ ముచ్చట. చెక్క మంచిదని నాకేం నమ్మకం? ఏయ్ పిలగా, ముందుగాల నువ్వు నిలవడు దాని కింద. నిన్ను తినకుంటే అప్పుడు చూద్దాం."

గల్లీ మొత్తం సప్పట్లు కొట్టింది. నేను ఒక అడుగు వెనక్కి వేసిన, ఎందుకో మీకు చెప్పాలె. ఉద్యోగం దరఖాస్తులో నా ఎత్తు ఐదు అడుగుల ఎనిమిది అని రాసిన. ఆ దరఖాస్తు మేడమ్ దగ్గరే ఉంటది, ఆమె అంకె చూస్తే మరిచిపోదు. చెప్పులు విడిచి నిలవడ్డ. మిర్చి కన్న ఎక్కువ మెడ సాగదీసిన. పట్టీ దిగింది. మేడమ్ చదివి, మళ్ల చదివి, ఇంచులు చేసి అన్నది, "ఐదు ఆరు. నీ కాగితంలో ఐదు ఎనిమిది ఉందే."

"చూసిండ్రా" అన్నది నానీ, "ఇంత పెద్దోణ్ణి కూడ తిన్నది."

ఇటు చెక్క పరువు, అటు నా పరువు. రెండింటిలో ఒక్కటే మిగులుతది. "తినలేదు నానీ" అన్న. "ఆ రెండు ఇంచులు నాకు ఎన్నడు లేవు. దరఖాస్తులో నేనే కలిపిన."

నానీ నవ్వు మొదలుపెట్టింది. పాన్ నవ్వు, ఎర్రగ, పొట్ట పట్టుకొని. "వహ్ రే బేటా. మాస్టర్ సాబ్ కన్న పెద్ద దర్జీవి నువ్వే" అన్నది. ఆ నవ్వు గల్లీ పొడుగునా పోయి, మూసిన తలుపులన్నీ తీసుకుంట వచ్చింది. నానీ మిర్చిని చెయ్యి పట్టి తెచ్చి చెక్క కింద నిలబెట్టి, "సరిగ కొలువు. దీని ఎత్తు దీనికి ఇయ్యి, చాలు" అన్నది. మిర్చి బడే అబ్బా కూతుర్ని కూడా గుంజుకొచ్చింది. మాస్టర్ సాబ్ ఇద్దరికీ సమానంగనే కలిపిండు కద, ఆ అర ఇంచు అట్లనే ఉన్నది. అదీ దాని ఫికర్, దేశం గీతలు కాదు.

మూడు రోజుల్లో అరవై మందిని మళ్ల కొలిచినం. మాస్టర్ సాబ్ ఫీతా జేబులో పెట్టి, పిల్లల్ని నిలబెట్టే పని తీసుకున్నడు, "మడమలు కలుపు, సీదా చూడు" అని. మేడమ్ ఆయన్ని ఒకసారి అడిగింది, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి అంత కష్టమేముందని. ఆయన సుద్దముక్క చెవి మీద సర్దుకొని, "మీరు పిల్ల ఎంత ఉన్నదో రాస్తరు డాక్టరమ్మా. మేము ఎంత అయితదో కుడతం. రెండు కాయితాలు వేరే వేరే ఉండాలె, కలిపిందే తప్పు" అన్నడు. మేడమ్ నోటుబుక్కు తీసింది. అది రాసుకుందో లేదో నేను చూడలేదు, నన్ను తల ఎత్తొద్దన్నరు కద.

కాయితం వచ్చింది. ఆర్నెల్లకు కాదు, మూడు నెలలకు, అది కూడా "పర్యవేక్షణలో" అనే ముల్లు గుచ్చి. బాపు దగ్గరికి పోయి "ఆర్నెల్లు పొడిగించిండ్రు" అన్న. బాపు కాయితం తీసుకొని చదివి, మడిచి నా జేబులో పెట్టి, "అలవాటు పోదుర నీకు" అన్నడు. స్టూలు మీద గుమస్తాను కూసోబెట్టిండు. ఆ మూడు నెలలు ఇంకో మూడు, అవి ఏండ్లు అయినయి. పటం అచ్చయి వచ్చినప్పుడు దాంట్లో నా అరవై చుక్కలు ఎక్కడున్నయో వెతికిన. గీతల్లో కలిసిపోయినయి. కలిసిపోవుడే కావాల్సింది.

పోయిన నెల మా చిన్నబిడ్డను జల్‌పల్లిలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కు తీసుకపోయిన. నర్సమ్మ ఎత్తు చూసి, ఫోన్లో అంకెలు కొట్టి, గీతలు చూపెట్టింది. నా బిడ్డ చుక్క నడిమి గీతకు కొంచెం కిందుంది. "బాగనే ఉంది సార్, ఫికర్ లేదు" అన్నది. నేను ఆ గీత దిక్కు చూసి, "ఇది సరిగ్గ ఉన్నదని నాకు తెలుసమ్మా" అన్న. ఎట్ల తెలుసు అని ఆమె అడుగుతదేమోనని కూడ నిలవడ్డ. అడగలేదు, తర్వాతి పిల్లను పిలిచింది.

ఇంటికొచ్చి బీరువా తీసిన. ఆ ఏడు పండుగకు మాస్టర్ సాబ్ నాకొక బూడిద రంగు ప్యాంటు కుట్టి ఇచ్చిండు, పైస తీసుకోలేదు. కొలిచేటప్పుడు "ఐదు ఆరు" అని పిలిచి, కుట్టేటప్పుడు ఐదు ఎనిమిదికి కుట్టిండు. కింద రెండు ఇంచులు లోపలికి మడిచి, సన్నని కుట్టు వేసి, "నువ్వు చెప్పిన ఎత్తు లోపల పెట్టిన. అందుకున్న రోజు విప్పుకో" అన్నడు. నడుము వెనక కూడ కొంచెం బట్ట వదిలిండు, దాని సంగతి ఆయనేం చెప్పలేదు. ఆ వదిలిన బట్ట మూడుసార్లు విప్పిచ్చిన, ఇంక విప్పేందుకు ఏం లేదు. కింది మడత మాత్రం కుట్టు కుట్టుగనే ఉన్నది. "నలభై ఎనిమిదేండ్లు వచ్చినయి, ఆ మడత కత్తిరించి పారేయరాదా" అంటది నా భార్య. నేను అద్దం ముందర సీదా నిలవడి, మడమలు గోడకు ఆనిచ్చి, అరచెయ్యి నెత్తి మీద పెట్టుకొని చూసుకుంట. ఉండనీయ్ అంట.